ఖాళీగా ఉంటే కూర్చోవచ్చు, వస్తే లేవాలి: గోదాములో సీబీఆర్‌ఎస్ నెట్‌వర్క్ పెట్టుకోవడం ఎలా

న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర మా తోడల్లుడికి ఒక గోదాము ఉంది. బియ్యం బస్తాలు, కందిపప్పు, అప్పడాలు, పచ్చళ్ల పెట్టెలు. చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లకు సరుకు అక్కణ్నుంచే వెళ్తుంది. ఇనుప ర్యాకులు పైకప్పు దాకా ఉంటాయి. ఫోర్క్‌లిఫ్ట్ మీద కుర్రాడు బస్తా బార్‌కోడ్ స్కాన్ చేస్తే స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ కూర్చునేది. వైఫై పెట్టెలు పద్నాలుగు పెట్టించాడు. ఒక వరసలో సిగ్నల్ వస్తే పక్క వరసలో పోయేది. "ఏమన్నయ్యా, నువ్వు చేసేది ఈ పనే కదా, ఏదో ఒకటి చూడు" అన్నాడు. చివరికి ఐదు పెట్టెలతో సొంత ఎల్‌టీఈ (4జీ) నెట్‌వర్క్ పెట్టాం. స్పెక్ట్రమ్‌కి, అంటే గాల్లో వాడుకునే రేడియో ఫ్రీక్వెన్సీలకి, ప్రభుత్వానికి ఒక్క డాలరు కట్టలేదు.

అమెరికాలో గోదామో, ఫ్యాక్టరీయో, పెద్ద స్థలం ఉన్న గుడో చూసుకునేవాళ్లకి, వాళ్లకు ఐటీ పని చేసిపెట్టేవాళ్లకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. మీ స్థలం రెండు మూడు వేల చదరపు అడుగులే అయితే ఇదంతా వద్దు. మంచి వైఫై పెట్టుకుని హాయిగా ఉండండి. ఇనుము ఎక్కువగా ఉన్నచోట, ఆరుబయట యార్డు ఉన్నచోట, మనుషులు, బళ్లు కదులుతూ పనిచేసేచోట మాత్రమే ఈ ఖర్చుకి అర్థం ఉంది.

ముందు, ఎవరి సీటు ఎవరిదో తెలుసుకోండి

ఆర్టీసీ బస్సులో ముందు సీట్లు స్త్రీలవి. ఖాళీగా ఉంటే మగవాళ్లు కూర్చోవచ్చు, ఆడవాళ్లు ఎక్కితే లేవాలి. (ఉచిత ప్రయాణం వచ్చాక ఆ సీట్లు ఖాళీగా దొరకడమే గగనం, అది వేరే కథ.) సీబీఆర్‌ఎస్ (సిటిజన్స్ బ్రాడ్‌బ్యాండ్ రేడియో సర్వీస్) అంటే దాదాపు ఇదే.

ఈ బ్యాండు 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ దాకా, మొత్తం 150 మెగాహెర్ట్జ్. మొదటి హక్కు అమెరికా నౌకాదళం రాడార్లది, కొన్ని ఉపగ్రహ గ్రౌండ్ స్టేషన్లది. ఎన్నో ఏళ్లు ఇది వాళ్ల చేతిలోనే ఉంది. కానీ ఓడ రాడార్ ఒక తీరం దగ్గర తిరిగినంత మాత్రాన దేశం మధ్యలో ఉన్నవాళ్లంతా నోరు మూసుకుని కూర్చోవడం ఎందుకన్న ఆలోచనతో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో పంచుకునే నియమాలు తెచ్చింది. రెండో వరస పీఏఎల్ (ప్రయారిటీ యాక్సెస్ లైసెన్స్) కొన్నవాళ్లది. కౌంటీకి ఏడు లైసెన్సులు, ఒక్కోటి 10 మెగాహెర్ట్జ్, పదేళ్ల గడువు. ఒక కంపెనీ ఒక కౌంటీలో నాలుగుకి మించి పెట్టుకోకూడదు. 2020లో వీటిని వేలం వేస్తే 450 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. మూడో వరస జీఏఏ (జనరల్ ఆథరైజ్డ్ యాక్సెస్), అంటే మనం. వేలం లేదు, లైసెన్సు ఫీజు లేదు. రక్షణ కూడా లేదు. పైవాళ్లు వస్తే లేస్తాం, పక్కన మనలాంటివాడే కూర్చుంటే సర్దుకుంటాం.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే కండక్టర్ పేరు సాస్. పూర్తిగా చెప్పాలంటే స్పెక్ట్రమ్ యాక్సెస్ సిస్టమ్. ఇది క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్. గూగుల్, ఫెడరేటెడ్ వైర్‌లెస్, సోనీ లాంటి కంపెనీలు ఎఫ్‌సీసీ అనుమతితో నడుపుతాయి. మన పెట్టె దాన్ని అడక్కుండా ఒక్క క్షణం కూడా గాల్లోకి సిగ్నల్ వదలకూడదు.

డైనమిక్ స్పెక్ట్రమ్ షేరింగ్ అనే మాటని టెలికాం కంపెనీలు ఇంకో అర్థంలోనూ వాడతాయి. ఒకే బ్యాండులో 4జీ, 5జీ కలిపి నడపడాన్ని అలా అంటారు. అది వాళ్ల ఇంటి లోపలి సర్దుబాటు. గూగుల్‌లో వెతికేటప్పుడు రెండూ కలిసిపోయి తల తిరుగుతుంది, అందుకే చెప్తున్నాను.

మీ కౌంటీలో మిగిలింది ఎంత?

పీఏఎల్ ఎవరి దగ్గర ఉందో ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో కౌంటీ పేరుతో చూసుకోవచ్చు. కానీ ఆ జాబితా చూసి కంగారుపడకండి. పీఏఎల్‌లన్నీ 3550-3650 మధ్యే ఉండాలి, అన్నీ కలిపినా 70 మెగాహెర్ట్జ్‌కి మించవు. అంటే ఎంత రద్దీ కౌంటీలోనైనా 80 మెగాహెర్ట్జ్ జీఏఏకి ఉంటుంది.

ఇంకో మంచి నియమం ఉంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు నాదే అనడం ఇక్కడ కుదరదు. లైసెన్సు కొన్న కంపెనీ నిజంగా టవరు పెట్టి వాడుతున్న చుట్టుపక్కల వరకే దానికి రక్షణ. కౌంటీలో మిగతా చోట్ల అదే ఫ్రీక్వెన్సీని సాస్ మనకు ఇస్తుంది.

తీరం దగ్గర ఉన్నవాళ్లు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. న్యూజెర్సీ, వర్జీనియా, హ్యూస్టన్ వైపు వాళ్లు ముఖ్యంగా. తీరం పొడవునా ఈఎస్‌సీ అనే సెన్సార్లు ఉంటాయి. అవి ఓడ రాడార్ చప్పుడు వింటే సాస్‌కి చెప్తాయి. సాస్ 300 సెకన్లలోపు ఆ ఛానెల్ ఖాళీ చేయించాలి. ఆ సెన్సార్లు చెవులు రిక్కించి వినాలి కాబట్టి వాటి చుట్టూ మన సిగ్నల్ మీద కూడా ఆంక్షలుంటాయి. దాన్ని ఇక్కడ విస్పర్ జోన్ అంటారు, గుసగుసలు మాత్రమే అని. మీ స్థలం అలాంటి చోట పడిందా అని పెట్టె కొనకముందే సాస్ కంపెనీని అడగండి. చిరునామా ఇస్తే చెప్తారు.

కొనాల్సినవి

రేడియో పెట్టెని సీబీఎస్‌డీ అంటారు. దానికి ఎఫ్‌సీసీ పార్ట్ 96 సర్టిఫికెట్ ఉండాలి. రెండు రకాలున్నాయి. కేటగిరీ ఏ: 10 మెగాహెర్ట్జ్‌కి 30 డీబీఎం వరకు, అంటే ఒక వాట్. కేటగిరీ బీ: 47 డీబీఎం, సుమారు 50 వాట్లు, ఆరుబయట మాత్రమే. గోదాముకి కేటగిరీ ఏ చాలు. మా దగ్గర లోపల నాలుగు, యార్డు వైపు గోడ మీద ఒకటి, ఐదూ అవే.

దీని వెనక కోర్ అనే సర్వర్ ఉండాలి. సిమ్ ఎవరిది, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నది చూసేది అదే. చిన్న పెట్టెగానూ దొరుకుతుంది, నెలవారీ చందాతో క్లౌడ్‌లోనూ దొరుకుతుంది. మొదటిసారి అయితే రేడియో, కోర్, సిమ్‌లు, సాస్ చందా అన్నీ ఒకరి దగ్గరే తీసుకోండి. విడివిడిగా కొంటే డబ్బు మిగులుతుంది కానీ ఏదైనా ఆగితే నలుగురూ ఒకరి మీద ఒకరు తోస్తారు. నేను రెండు విధాలా చేసి చూశాను. రెండో దాని జోలికి మళ్లీ పోను.

సిమ్‌ల మీద నెట్‌వర్క్ నంబరు 315-010 ఉంటుంది. సీబీఆర్‌ఎస్ ప్రైవేటు నెట్‌వర్కులు చాలావాటికి అదే ఉమ్మడి ఇంటిపేరు. ఫోన్లు, స్కానర్లు ఎల్‌టీఈ బ్యాండ్ 48 పట్టేవి కావాలి. ఐఫోన్లలో 11 నుంచి ఉంది. ఇండియాలో కొన్న ఫోన్ వాడదామనుకుంటే దాని బ్యాండుల జాబితా చూసుకుని మరీ సిమ్ వేయండి.

అందరూ మర్చిపోయేది గడియారం. ఈ బ్యాండులో పంపడం, వినడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా జరుగుతాయి. పక్కపక్క పెట్టెల వంతులు కలవాలంటే ఒక్కోదాని గడియారానికీ అసలు సమయానికీ తేడా 1.5 మైక్రోసెకన్ల లోపే ఉండాలి. ఆరుబయట పెట్టెకి జీపీఎస్ సరిపోతుంది. రేకుల కప్పు కింద జీపీఎస్ అందదు. కప్పు మీదికి యాంటెనా వైరు లాగాలి, లేదా పీటీపీ అనే పద్ధతిలో నెట్‌వర్క్ కేబుల్ మీదే సమయం పంపే స్విచ్ కొనాలి. ఆ స్విచ్ ధర చూసి మా తోడల్లుడు "గడియారానికి ఇంతా?" అన్నాడు. నేనేం జవాబు చెప్పగలను?

వంతులు ఎలా పంచాలన్నది కూడా అప్పుడే నిర్ణయించుకోండి. కాన్ఫిగరేషన్ 2లో పది వంతుల్లో ఆరు డౌన్‌లోడ్‌కి, రెండు అప్‌లోడ్‌కి వెళ్తాయి. కాన్ఫిగరేషన్ 1లో నాలుగు, నాలుగు. మిగతా రెండు రెండింట్లోనూ మలుపులకి పోతాయి. యార్డులో కెమెరాలు వీడియో పైకి పంపుతుంటే 1 మేలు. కానీ పక్క బిల్డింగులో ఇంకొకరు 2 మీద నడుపుతుంటే గొడవే. వాళ్లెవరో కనుక్కుని ఒక మాట మీదికి రావడం మంచిది.

కొలతలు: ఇక్కడే సగం మంది బోల్తా పడతారు

సాస్ మన గోదాముకి వచ్చి చూడదు. మనం ఇచ్చిన అంకెలు చూసే లెక్క కడుతుంది. అందుకని ఆ అంకెలు వేయడానికి సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలర్ కావాలి, సీపీఐ అంటారు. కేటగిరీ బీకి ఎప్పుడూ కావాలి. కేటగిరీ ఏ పెట్టె తన చోటు తానే కనుక్కోలేకపోతే దానికీ కావాలి. కప్పు కింద పెట్టేవాటికి జీపీఎస్ అందదని చెప్పాను కదా, ఆ లెక్కన మనకి తప్పదు. ఆన్‌లైన్‌లో శిక్షణ, చివర పరీక్ష. ఐటీ పని తెలిసినవాళ్లకు కష్టం కాదు, మీరే రాసి పాసైతే ప్రతిసారీ బయటివాళ్లని పిలవక్కర్లేదు. ప్రతి పెట్టె వివరాల మీదా సీపీఐ డిజిటల్ సంతకం పెట్టాలి. తప్పు అంకెకి బాధ్యత ఆ సంతకానిదే.

అక్షాంశ రేఖాంశాలు 50 మీటర్ల లోపు తేడాతో, ఎత్తు 3 మీటర్ల లోపు తేడాతో ఇవ్వాలి. ఫోన్ మ్యాప్‌లో బిల్డింగ్ మీద వేలు పెట్టి తీసుకుంటే రాదా అంటే, వస్తుంది. కానీ పెద్ద గోదాము ఒక చివర నుంచి ఇంకో చివరకి 50 మీటర్లు దాటుతుంది. ఒకే చుక్క తీసుకుని ఐదు పెట్టెలకీ అదే వేయకండి. ప్రతి పెట్టె కింద నిలబడి ఆ మూల గుర్తు పెట్టుకుని మ్యాప్‌లో విడిగా తీసుకోండి.

రేఖాంశం ముందు మైనస్ గుర్తు మర్చిపోవద్దు. అమెరికా అంతా మైనస్సే. ఎడిసన్ సుమారు 40.5, మైనస్ 74.4. ఆ మైనస్ తీసేస్తే మీ పచ్చళ్ల గోదాము కిర్గిజ్‌స్తాన్ కొండల్లో తేలుతుంది.

ఎత్తు దగ్గర నేనే బోల్తా పడ్డాను. యార్డు గోడ మీద పెట్టెని టేపుతో కొలిస్తే నేల నుంచి 18 అడుగులు వచ్చింది. నిచ్చెన మీద నుంచే ఫోన్‌లో ఫారం తెరిచి ఎత్తు దగ్గర 18 కొట్టి దిగాను. రిజిస్ట్రేషన్ తిరిగొచ్చింది, కోడ్ 103. అంటే ఇచ్చిన విలువ చెల్లదని. మళ్లీ పంపాను, మళ్లీ 103. పెట్టె మార్చాలేమో అని ఆ మధ్యాహ్నమంతా టెన్షన్. అసలు సంగతి, ఆ గడిలో అడిగింది మీటర్లు. ఆరుబయట కేటగిరీ ఏ యాంటెనా చుట్టుపక్కల నేల సగటు మట్టం నుంచి 6 మీటర్ల లోపే ఉండాలి. నేను 18 మీటర్లు అన్నాను, అంటే ఆరంతస్తుల మేడంత. 5.5 అని మార్చగానే నిమిషంలో పనైపోయింది. ఈ దేశంలో టేపులు అడుగుల్లో, ఫారాలు మీటర్లలో.

ఇంటి లోపలా, బయటా అన్న గడి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. లోపల అంటే గోడలు 15 డీబీ మింగేస్తాయని సాస్ లెక్క వేసుకుంటుంది, అంటే సిగ్నల్ సుమారు ముప్పయ్యో వంతుకి పడిపోతుందని. షట్టర్ తీసి ఉండే లోడింగ్ డాక్ పక్కన పెట్టి లోపల అని రాస్తే పక్కవాళ్లకి మీరు కనిపించని పోటు పొడుస్తున్నట్టే.

పెట్టె ఆన్ చేయడం

కేబుల్, సమయం, ఇంటర్నెట్ మూడూ సిద్ధమయ్యాక పవర్ ఇవ్వండి. లాగ్ తెరిచి చూస్తూ కూర్చుంటే ముచ్చటగా ఉంటుంది.

మొదట రిజిస్ట్రేషన్. నేను ఫలానా, నా సీరియల్ నంబరు ఇది, నేను ఇక్కడున్నాను. సాస్ సున్నా అని జవాబిస్తే అంతా బాగున్నట్టు. 200 వస్తే ఇంకా పెండింగ్, సాధారణంగా సీపీఐ సంతకం చేసిన వివరాలు ఇంకా చేరలేదని. తర్వాత ఎంక్వైరీ. ఇక్కడ ఏ ఛానెళ్లు ఖాళీ? జాబితా వస్తుంది. అందులోంచి ఒకటి ఎంచుకుని, ఇంత పవర్‌తో వాడుకుంటానని అడిగితే గ్రాంట్, అంటే సీటు కేటాయింపు, వస్తుంది.

గ్రాంట్ వచ్చింది కదా అని సంబరపడకండి. ఇంకా సిగ్నల్ వదలకూడదు. పెట్టె హార్ట్‌బీట్ పంపాలి, ఇప్పుడు వదలమంటావా అని. సాస్ సరే అన్నాక మాత్రమే సిగ్నల్. ఆ సరే కూడా శాశ్వతం కాదు. తీరం దగ్గర మామూలుగా 240 సెకన్లకి మించి గడువు ఇవ్వదు. గడువు తీరకముందే మళ్లీ అడగాలి, మళ్లీ సరే అనాలి. రాత్రీ పగలూ ఇదే పని.

కాబట్టి మీ నెట్‌వర్క్ ప్రాణం ఇంటర్నెట్ కనెక్షన్‌లో ఉంది. మామూలు వైఫై అయితే బయట ఇంటర్నెట్ పోయినా లోపల స్కానర్, సర్వర్ మాట్లాడుకుంటాయి. ఇక్కడ ఇంటర్నెట్ పోయిన కొద్ది నిమిషాలకి రేడియోనే నోరు మూసుకుంటుంది. మేం పెట్టిన రెండో వారంలో రోడ్డు తవ్వి ఎవరో ఫైబర్ తెంపారు. ఐదు నిమిషాలు తిరిగేసరికి గోదాము మొత్తం మౌనం, లారీలు బయట వరస కట్టాయి. ఆ సాయంత్రమే సెల్యులర్ మోడెం ఒకటి కొనితెచ్చి రెండో దారిగా పెట్టాను. హార్ట్‌బీట్‌కి పెద్ద డేటా అక్కర్లేదు, అతి చవక ప్లాన్ చాలు. మీరు మొదటిరోజే పెట్టుకోండి. స్విచ్‌కి, మోడెంకి, కోర్‌కి కలిపి ఒక యూపీఎస్ కూడా.

కేటగిరీ బీ పెట్టెలు వాడేవాళ్లకి ఇంకొంచెం ఓపిక కావాలి. సాస్ కంపెనీలన్నీ రోజూ రాత్రి ఒకరి లెక్కలు ఒకరితో సరిచూసుకుంటాయి. ఆ లెక్క అయ్యేదాకా కొత్త పెట్టెకి పూర్తి పవర్ రాకపోవచ్చు. శుక్రవారం సాయంత్రం బిగించి సోమవారం ప్రారంభోత్సవం అని ముహూర్తం పెట్టండి, అదే రోజున మాత్రం వద్దు.

లేవమన్నప్పుడు ఏం చేయాలి

లాగ్‌లో మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. 501 అంటే ప్రస్తుతానికి ఆపు. 60 సెకన్లలో సిగ్నల్ ఆపాలి, కానీ హార్ట్‌బీట్ మానకూడదు, కాసేపటికి మళ్లీ సరే అనొచ్చు. 500 అంటే ఆ సీటు పోయింది, వేరే ఛానెల్ అడుక్కో. 502 అంటే మీ పెట్టె అనుకుంటున్నదీ సాస్ పుస్తకంలో ఉన్నదీ వేరు. గ్రాంట్ వదిలేసి మొదట్నుంచి అడగాలి, రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు తీరిపోతుంది. ఇవి కాక గ్రాంట్ అడిగినప్పుడే 400 వస్తే ఆ పవర్‌తో అక్కడ కుదరదని. తగ్గించి అడగండి, చాలాసార్లు ఇస్తుంది.

తీరం దగ్గర ఉన్నవాళ్లకి నా సలహా: 3650 పైన ఉన్న 50 మెగాహెర్ట్జ్‌లోనే ముందు అడగండి. ఓడ రాడార్ కోసం ఖాళీ చేయించేది 3650 కింద. పైన పీఏఎల్ కూడా ఉండదు. అక్కడి చిక్కల్లా, తెలివైనవాళ్లందరూ అక్కడే అడుగుతారు. ఇరుకైతే 20 మెగాహెర్ట్జ్ బదులు 10తో సర్దుకోండి. బార్‌కోడ్ స్కానర్‌కి పదే ఎక్కువ. ఐదు పెట్టెలూ ఒకే ఛానెల్ మీద పెట్టకుండా రెండు ఛానెళ్లకి పంచండి, ఒకటి ఆగినా సగం గోదాము నడుస్తుంది. పెట్టె సెట్టింగుల్లో ఛానెల్ తనంతట తానే మార్చుకునే వీలుంటే ఆన్ చేయండి. మారినప్పుడు ఫోన్లు కొత్త ఛానెల్ వెతుక్కోవడానికి కొంత సమయం తీసుకుంటాయి, కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే అందరూ ఒక్కసారే ఫోన్లు రీస్టార్ట్ చేసి ఇంకా ఆలస్యం చేస్తారు.

నిజంగా ఎక్కడ కూర్చున్నామో చూసుకోండి

ఫోన్‌లో ఫీల్డ్ టెస్ట్ స్క్రీన్ తెరిస్తే ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ అని ఐదంకెల ఛానెల్ నంబరు కనిపిస్తుంది. దాంట్లోంచి 55240 తీసేసి, పదితో భాగించి, 3550 కలపండి. ఉదాహరణకి 56340 అని ఉంటే 1100, పదితో భాగిస్తే 110, అంటే 3660 మెగాహెర్ట్జ్. అది ఛానెల్ నడుమ. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు అయితే 3650 నుంచి 3670 దాకా మీరున్నట్టు. సాస్ డాష్‌బోర్డులో ఉన్నదీ ఇదీ ఒకటే కావాలి.

తర్వాత ఆ ఫోన్ పట్టుకుని ప్రతి వరసలో నడవండి, ర్యాకుల్లో సరుకు నిండుగా ఉన్న రోజున. ఖాళీ గోదాములో అంతా బాగానే కనిపిస్తుంది. బియ్యం బస్తాల్లో తేమ ఉంటుంది, పచ్చడి సీసాల్లో నూనె, నీళ్లు, అవి సిగ్నల్ తాగేస్తాయి. అదే స్క్రీన్ మీద ఆర్ఎస్‌ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం, మైనస్ 105 కంటే మెరుగ్గా ఉంటే స్కానర్లకి ఢోకా లేదని నా అనుభవం. మైనస్ 115 దగ్గర పడుతుంటే ఆ మూలకి పెట్టె జరపాలి.

జరిపారా, అయితే కొలతలు మళ్లీ తీసి, సీపీఐ సంతకం పెట్టి, మళ్లీ రిజిస్టర్ చేయాలి. పది అడుగులేగా అని వదిలేయకండి, ఎత్తు మారినా, యాంటెనా ముఖం మారినా అంతే. ప్రతి పెట్టె సీరియల్ నంబరు, అక్షాంశ రేఖాంశాలు, మీటర్లలో ఎత్తు, ఏ దిక్కుకి చూస్తుందో ఒక కాగితం మీద రాసి స్విచ్ క్యాబినెట్ తలుపు లోపల అంటించండి.

పాత పెట్టె మిగిలింది కదా, హైదరాబాద్‌లో తమ్ముడి ఫ్యాక్టరీకి పట్టుకెళ్తా అనకండి. ఇండియాలో ఇలా పంచుకునే పద్ధతి ఈ బ్యాండులో లేదు. 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా 2022లో 5జీ కోసం టెలికాం కంపెనీలకి వేలానికి పెట్టారు. అక్కడ ఆన్ చేస్తే వాళ్ల టవర్ల మీద అరిచినట్టు, చట్టం దృష్టిలో నేరం కూడా. అయినా సాస్ చెప్పందే ఆ పెట్టె పలకదు. ఇక్కడే ఇంకొకరికి అమ్మేసేటట్టయితే విప్పేముందు డాష్‌బోర్డులో గ్రాంట్ వదిలేసి, డీరిజిస్టర్ నొక్కి, ఆ తర్వాతే పవర్ తీయండి. లేకపోతే కొన్నవాళ్లు ఆన్ చేసేదాకా ఆ సీరియల్ నంబరు మీ గోదాము చిరునామాతోనే సాస్ పుస్తకంలో ఉండిపోతుంది, వాళ్లు మీకు ఫోన్ చేస్తారు.